రెండో కాపీ ఉంచిన మనిషి

మధ్యాహ్నం పూట చదువు సెంటరుకు పోయే బాటలో ఒక జొన్న చేను ఉంది. కంకి పాలు పట్టే రోజుల్లో పిట్టలు వాలకుండా ఆ చేనాయన గట్టు పొడవునా కర్రలు పాతి, కర్రకూ కర్రకూ నడుమ పాత కేసెట్ల రీలు గుంజి కట్టాడు. గాలి వీస్తే అది ఎండలో తళతళ మెరుస్తూ ఊం అని మూలుగుతుంది. అక్కడికి రాగానే నా కాళ్ళు ఆగుతాయి. ఆ రీలు మీద ఎవరి పాట ఉందో, ఎవరి మాట ఉందో అనుకుంటాను.

మొన్న అట్లాగే ఆగితే, నాతో పాటు పలక పట్టుకొని వచ్చే బాలమణి నవ్వింది.

"పిట్టలే దాటిపోతున్నయి వదినా, నువ్వే బెదురుతున్నవు. నడువు జర, సారు వచ్చినట్టుండు."

నడుస్తూ నడుస్తూ, ఏదో యాదికొచ్చినట్టు అన్నది. "అన్నట్టు నీకెరుకనా? కోస్గిల కేసెట్ల సాయిబు ఉండె గదా, పోయిండట. జడ్చర్లల. నెల దాటిందట."

నెల దాటింది. ఆ నెలలో నేను ఒత్తులు నేర్చుకున్నాను, అంగడికి పోయి వచ్చాను, ఎవరి మాటకో నవ్వాను కూడా. నాకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారు? ఆయనకు నేను ఏమీ కాను.

ఆయన డబ్బా కోస్గి బస్టాండు పక్కన ఉండేది. నాలుగు రేకుల డబ్బా, లోపల ఒక బల్ల, బల్ల మీద రెండు కేసెట్లు ఒక్కసారే పట్టే పెద్ద మిషను. గోడల నిండా సినిమా పాటల కేసెట్లు. కావలసిన పాటలు చెప్పి ఖాళీ కేసెట్ ఇస్తే, వచ్చే వారం అంగడి నాటికి నింపి పెట్టేవాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కుడిచేతి చిటికెన వేలి గోరు ఒక్కటి పెంచుకున్నాడు, రీలు బిగించడానికి. కేసెట్‌ను ఎప్పుడూ అంచులతోనే పట్టుకునేవాడు, పొయ్యి మీది రొట్టెను తీసినట్టు.

పాటలు నింపేటప్పుడు ఆయన డబ్బాలో చప్పుడు ఉండేది కాదు. పక్క హోటలాయన వెక్కిరించేవాడు. "ఏం సాయిబు, పాటల దుకాణం పెట్టి మౌనం పట్టినవు? జర గట్టిగ పెట్టరాదు, మాకు ఫుకట్ల ఇనొస్తది!"

"నువ్వు చాయ కాసి ఫుకట్ల పోస్తవా?" అనేవాడు ఆయన.

మిషను మీద రెండు చిన్న అద్దాలు, ఒక్కో అద్దం వెనక ఒక ముల్లు ఉండేవి. చప్పుడు మొత్తం తగ్గించి, ఆ ముల్లు ఆడుతుందా లేదా అని మాత్రమే చూసేవాడు. ముల్లు ఆడితే పాట ఎక్కుతున్నట్టు. ఆగితే అయిపోయినట్టు. ఆయన దుకాణంలో ఆయన పాట విన్నది నేను చూడలేదు.

నేను పోయింది పాటల కోసం కాదు. మా పెనిమిటి బొంబాయిలో మేస్త్రీ గుంపులో పని చేసేవాడు. ఆయనకూ చదువు రాదు, నాకూ రాదు. ఉత్తరం రాయిస్తే అక్కడ ఒకరు రాయాలి, ఇక్కడ ఒకరు చదవాలి. మా ఇద్దరి నడుమ ఇద్దరు పరాయివాళ్ళు. అందుకని మా దిక్కు వాళ్ళు కేసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవారు. వినడానికి మిషను ఎవరింట్లో ఉంటుంది? సాయిబు డబ్బాకు పోవాలి.

మొదటిసారి పోయిన రోజు ఆయన కేసెట్ మీది సినిమా బొమ్మ చూసి, "పాటనా, ఉత్తరమా?" అని అడిగాడు. ఉత్తరం అన్నాను. నన్ను బల్ల ముందు కూర్చోబెట్టాడు. చెవులకు పెట్టుకునే డొప్పలు ఇచ్చి, నొక్కే బటన్ చూపించి, బయటికి పోయి డబ్బాకు వీపు పెట్టి నిలబడ్డాడు. డొప్పలు పెట్టుకుంటే బయటికి ఏమీ వినిపించదు. అయినా నిలబడ్డాడు.

ఒకసారి నేను వింటుండగా వాన మొదలైంది. రేకు చూరు నీళ్ళన్నీ ఆయన భుజం మీదనే పడుతున్నాయి. డొప్పలు తీసి, "అన్నా, లోపలికి రా, తడుస్తున్నవు" అన్నాను.

"ఉత్తరం ఐపోయిందా?"

"ఇంక కాలేదు."

"మరి వానదేముంది, ఇను."

మా పెనిమిటి కేసెట్‌లో గొప్ప మాటలేమీ చెప్పలేదు. ఎర్ర మేక ఈనిందా, జొన్నలు ఇప్పుడే అమ్మొద్దు, అమ్మకు దగ్గు తగ్గిందా, నువ్వు కొత్త రైక కుట్టించుకో. నడుమ నడుమ దగ్గేవాడు, ఎవరో పిలిస్తే 'వస్తున్న' అని కేక వేసేవాడు. ఆ 'వస్తున్న' అనేది నాకు చెప్పింది కాదని తెలిసీ నేను దాన్నే మళ్ళీ మళ్ళీ విన్నాను.

మారుమాట పంపడానికి సాయిబు నా ముందు మైకు పెట్టాడు. మిషను మీద ఎర్ర బత్తి ఒకటి వెలుగుతుందని, వెలిగినంక మాట్లాడమని చెప్పి, ఎప్పటిలాగే బయటికి పోయాడు. ఎంతసేపు ఐనా నాకు మాట రాలేదు. కొంతసేపటికి ఆయన తల లోపలికి పెట్టి ముల్లు చూసి, చెయ్యి చాపి మిషను ఆపాడు.

"ఆడుతలేదు గదా చెల్లె."

"ఎదురుంగ మనిషి లేకుంటే ఎట్ల మాట్లాడాలె అన్నా?"

"మనిషి లేడనే గదా గిదంత" అన్నాడు, మిషను మళ్ళీ నడిపి తల వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు మాట్లాడాను.

ఆయనకు ఒక అలవాటు ఉందని నాకు చాలా రోజులకు తెలిసింది. ప్రతి ఉత్తరానికీ, దాని మారుమాటకూ రెండో కాపీ తీసి, బల్ల కింద బిస్కట్ల రేకు డబ్బాలో దాచేవాడు. పాత సినిమా కేసెట్ మీద ఒక దిక్కు ఉత్తరం, రెండో దిక్కు జవాబు. చప్పుడు తగ్గించి, ముల్లును చూస్తూ తీసేవాడు గనక ఒక్క మాటా వినేవాడు కాదు. ఏ కేసెట్ ఎవరిదో వరుసను బట్టి గుర్తు పెట్టుకునేవాడు. పేరు రాస్తే ఎవరైనా చదువుతారని రాయలేదు.

ఎందుకని అడిగితే, "రీలు మిషన్ల ఇరుక్కుంటది, ఎండకు అతుక్కుంటది. ఒక్కటే ఉందంటే నా పానం కొట్టుకుంటది చెల్లె. రెండోది ఉంటే నిద్ర పడ్తది" అన్నాడు.

బొంబాయి పోయిన మూడో ఏడు మా పెనిమిటి, కడుతున్న మేడ మీద నుంచి పడిపోయాడు. అక్కడే దహనం చేశారు. మేస్త్రీ వచ్చి సంచి ఇచ్చి పోయాడు. సంచిలో రెండు అంగీలు, ఒక తువ్వాల. మొహం చూడలేదు, చెయ్యి పట్టలేదు. నాకు మిగిలింది ఆయన గొంతున్న ఆ కేసెట్ ఒక్కటే. ఎలుకలు కొరకకుండా దాన్ని జొన్నల కుండలో పెట్టాను. పక్కనే, ఇంకో మారుమాట పంపుదామని కొన్న ఖాళీ కేసెట్ కూడా పెట్టాను; అదీ పాటలు తుడిచేసిన పాత సినిమా కేసెట్టే. రెండూ ఒకే తీరుగా ఉంటాయి గనక సాయిబు ఉత్తరం ఉన్నదాని మీద గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టి ఇచ్చాడు.

జొన్నల రాపిడికి ఆ చుక్క ఊడిపోయింది. మా అత్త భజన పాటలు వింటానంటే, ఖాళీదనుకొని నేను ఒకటి తీసి, నా చేతితోనే సాయిబుకు ఇచ్చాను. ఆయన చప్పుడు తగ్గించి, ముల్లు చూసుకుంటూ, దాని నిండా భజనలు నింపాడు.

ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. తరువాతి అంగడికి కుండలోని రెండో కేసెట్ తీసుకొని పోయి, డొప్పలు పెట్టుకొని బటన్ నొక్కాను. ఖాళీ. తిప్పి పెట్టాను. ఖాళీ. నా కేక విని ఆయన లోపలికి వచ్చాడు. భజనల కేసెట్ సంగతి చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది. బల్ల అంచు పట్టుకొని కింద కూర్చున్నాడు.

"నా చెయ్యితోనే తుడిచిన" అన్నాడు. "ఒక్క మాట ఇన్నా తెలుస్తుండె. ఒక్క మాట."

లేచి, బల్ల కింది రేకు డబ్బా తీశాడు. వరుసలో వేలు పెట్టి లెక్క చూసుకొని ఒక కేసెట్ ఇచ్చాడు. బటన్ నొక్కాను. ఎర్ర మేక ఈనిందా, అన్నాడు మా పెనిమిటి.

నేను దాన్ని కొంగున కట్టుకోబోతే సాయిబు చెయ్యి అడ్డం పెట్టాడు. "గట్ల ఇయ్య. గిప్పుడు గిదొక్కటే ఉంది. ఖాళీ కేసెట్లు అయిపోయినయి, ఎల్లుండి వస్తయి. ఇంకొకటి చేసి, వచ్చే అంగడికి నీకిస్త."

వచ్చే అంగడికి పోయేసరికి డబ్బాకు తాళం ఉంది. తాళం మీద గుడ్డ చుట్టి లక్క ముద్ర వేశారు. పాటల కంపెనీ వాళ్ళు పోలీసులను వెంటబెట్టుకొని వచ్చారని హోటలాయన చెప్పాడు. ఒక్కటీ వదలకుండా తీసుకొని పోయారట. గోడల మీదివి, బల్ల మీద మిషను, బల్ల కింది రేకు డబ్బా. డబ్బాలోవి కూడా సినిమా బొమ్మలున్న కేసెట్లే గదా. అన్నీ ఒకే సంచిలో కుమ్మరించారట.

"పాటలు ఒకరికొకరు ఇచ్చుకుంటే గూడ కేసేనా?" అని హోటలాయన నన్ను అడిగాడు, నాకేదో తెలిసినట్టు.

నాలుగు రోజులకు సాయిబు మా ఊరికి నడిచి వచ్చాడు. వాకిట్లో నిలబడి నీళ్ళు తాగి, చేతి సంచిలో నుంచి ఒక కాగితం తీశాడు. పట్టుకున్న వాటిలో మా సొంతవి ఉంటే పదిహేను రోజుల్లో కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చని వకీలు చెప్పాడట. రేకు డబ్బాలో ఎవరెవరి ఉత్తరాలు ఉన్నాయో వాళ్ళందరి ఊళ్ళు తిరుగుతూ వేలిముద్రలు వేయించుకుంటున్నాడు.

"నీ సంగతేంది అన్నా?" అని అడిగాను.

"అన్నీ పాటలే, అన్నీ నేనే చేసిన అని ఒప్పుకుంటే ఒక్క వాయిదాతో పోతది, మిషను గూడ ఇడిపిస్త అన్నడు వకీలు. కని అప్పుడు అన్నీ కాలవెడ్తరు. ఉత్తరాలు వేరే అంటే, ఒక్కొక్కటి పెట్టి చూపియ్యాలె. గిది పాట, గిది నేనే ఎక్కిచ్చిన అని నా నోటితోనే చెప్పాలె. మిషను రాదు."

"పాటలు చేసుడు తప్పా?"

"తప్పే. పాడినోడు, వాయించినోడు గూడ దాంతోనే గదా బతుకుడు. మందికి ఇచ్చుకునుడు వేరు, అమ్ముకునుడు వేరు అనుకుంటుంటి. వకీలును అడిగితే, కంపెనీ అడిగితే రెండు ఒక్కటే అన్నడు. నాది అమ్ముకునుడే. దానికి నేను వాదులాడ. కని నీ పెనిమిటి మాట ఏ కంపెనీది చెల్లె?"

లోపలి నుంచి మా అత్త అరిచింది. "సచ్చినోని మాట నలుగురి ముందట ఇనిపిస్తరా? సిగ్గులేదా మీకు?"

ఆయన సిరా డబ్బా తెరిచాడు. నేను వేలికి సిరా పూసుకున్నాను. కాగితం మీద నొక్కుతుండగా మా అత్త గడప దాకా వచ్చి, గోడ పట్టుకొని నిలబడింది. "కోర్టు ఏ దినమో చెప్పు సాయిబు. నేను గూడ వస్త. నా కొడుకు గొంతు నేనినొద్దా?"

పాలమూరు కోర్టులో ఆ రోజు బల్ల మీద ఆయన మిషనే పెట్టారు. జవానుకు దాన్ని పెట్టడం రాలేదు. జడ్జి సారు సాయిబునే పిలిచాడు. పోలీసుల సంచిలో నుంచి సాయిబు ఒక్కొక్క కేసెట్ తీసి పెట్టాడు. పాట వస్తే, "నాదే సార్, నేనే ఎక్కిచ్చిన" అని పక్కన పెట్టాడు. జడ్జి సారు రాసుకున్నాడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ, "నాదే సార్." కంపెనీ వకీలుకు ఏమీ పని లేకుండా పోయింది. ఒక పొద్దంతా సాయిబు తన నోటితోనే తన మీద కేసు తానే గట్టి చేసుకున్నాడు.

అట్లా పెడుతుండగా ఒక దాంట్లో నుంచి, ఎర్ర మేక ఈనిందా, అని వచ్చింది. కోర్టు హాలంతా వినిపించింది. మా అత్త నా భుజం పట్టుకుంది. సాయిబు రెండు అడుగులు వెనక్కి వేసి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

జడ్జి సారు చూశాడు. చెయ్యి ఊపి, చెవులు తెరవమన్నాడు. "ఏమయ్యా, చెవులెందుకు మూసుకున్నవ్?"

"నా ఉత్తరం కాదు సార్."

"నీది కానిది నీ దగ్గర ఎందుకుంది?"

"పోతదని సార్."

"వాళ్ళను అడిగినవా, కాపీ ఉంచుకుంట అని?"

ఆయన తల దించుకున్నాడు. "అడగలేదు సార్."

జడ్జి సారు నా వైపు తిరిగాడు. "ఎవరి గొంతమ్మా ఇది? పేరు చెప్పు." మా దిక్కున పెనిమిటి పేరు నోట అనము. నేను కాళ్ళు చూసుకుంటూ నిలబడితే సాయిబే అన్నాడు, "ఆమె నోటికి రాదు సార్. అర్జీల రాసుంది." నవ్వులు వినిపించాయి. జడ్జి సారు నవ్వలేదు.

"నిన్నడగకుండ నీ ఉత్తరం కాపీ చేసి పెట్టుకున్నడు. నీకు అభ్యంతరం లేదా?"

కోర్టులో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. తెలిసింది చెప్పాను. "అడిగితే నేను వద్దందును సార్. గట్లయితే గిప్పుడు నాకేం మిగలకపోవు."

ఉత్తరాలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. పాటలన్నీ పోయాయి, మిషను పోయింది, జుర్మానా పడింది. బయట మెట్ల మీద సాయిబు నా చేతిలో కేసెట్ తీసుకొని, వెనక అంచుకు ఉండే రెండు చిన్న పెంకులను చిటికెన వేలి గోరుతో టక్కున విరిచాడు.

"ఇగ దీని మీద ఎవ్వరు ఏం ఎక్కియ్యలేరు. నేను గూడ."

"రెండోది అన్నా?" అన్నాను, అలవాటుగా.

రెండు ఖాళీ చేతులు చూపించాడు. "ఒక్కటే. పైలం."

ఆ తరువాత ఆయనను ఒక్కసారే చూశాను, జడ్చర్ల బస్టాండులో. ఏదో గోదాముకు కావలిగా ఉన్నానన్నాడు. చేతిలో లాంతరు సైజు టిఫిను డబ్బా. చిటికెన వేలి గోరు లేదు.

"ఇంటున్నవా?" అని అడిగాడు.

"మా ఇంట్ల మిషను యాడిది అన్నా?"

"ఇనకున్నా అప్పుడప్పుడు రీలు తిప్పుతుండు. లేకుంటే అతుక్కుంటది." నా బస్సు వచ్చింది. కిటికీ లోంచి చూస్తే, ఆయన జనంలో ఎవరికీ తగలకుండా ఒక పక్కన, అందరికీ వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

ఆయన చెప్పినట్టే నెలకోసారి పుల్ల పెట్టి రీలు తిప్పుతూ వచ్చాను. మా అత్త పోయింది. చదువు సెంటరు వచ్చింది. అక్షరాలు కలపడం వచ్చిన రోజు ఆ కేసెట్ మీద మా పెనిమిటి పేరు రాశాను. నోటితో అననిది చేత్తో రాయవచ్చు.

సాయిబు పోయాడని బాలమణి చెప్పిన సాయంత్రం వాళ్ళింటికి పోయి, వాళ్ళ మరిది కొన్న టేప్ రికార్డర్‌లో దాన్ని పెట్టాను. రీలు అతుక్కోలేదు. మా పెనిమిటి మాట్లాడాడు, దగ్గాడు, వస్తున్న అని కేక వేశాడు. అయిపోయింది. అప్పుడు రెండో దిక్కు తిప్పాను. అది నా మారుమాట. దాన్ని నేను ఎన్నడూ వినలేదు. కోర్టులో కూడా పెట్టలేదు.

ముందు గరగర. తరువాత, చాలా దగ్గర నుంచి, ఒక మగ గొంతు.

"ఎర్ర బత్తి వెలిగింది చూడు. ఇగ మాట్లాడు చెల్లె. నేను బయట నిలవడ్త."

రేకు తలుపు చప్పుడు. ఆ తరువాత ఎంతోసేపు ఏమీ లేదు.

ఆ మాట కూడా మిషను ఎక్కించుకుందని ఆయనకు తెలియదు. రెండో కాపీ తీసేటప్పుడు ముల్లు ఒకసారి ఆడి ఉంటుంది. ఆయన చూసి ఉంటాడు. అది తన గొంతే అని తెలియదు.

బాలమణి మరిదిది రెండు కేసెట్లు పట్టే టేపు. ఆ ఒక్క మాటను ఖాళీ కేసెట్ మీద ఎక్కించమని అడిగాను. చప్పుడు తగ్గించమన్నాను. ఈ మిషనుకు ముల్లు లేదు, పచ్చ బత్తులు ఎగిరాయి, ఆగాయి. కేసెట్ వెనక పెంకులు నేనే విరిచాను. ఎవరిని అడగాలో నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు.

ఆ టేప్ రికార్డర్‌ను అడుక్కొని, ఒళ్ళో పెట్టుకొని బస్సులో జడ్చర్లకు పోయాను. గోదాము వాళ్ళను అడిగితే ఇల్లు చూపించారు. ఒక్క అర్ర, కిరాయి ఇల్లు. ఆయన భార్య తలుపు తీసింది. నేను ఎవరినో చెప్పాను.

"కోర్టుకాడ ఉత్తరాలన్నడు. నీకోసమేనా మా మిషను పోయింది?" అన్నది.

"నాకోసం గూడ వదినా."

ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగి, చెంబు ఇచ్చి, ఇంట్లో ఆయన గొంతు ఉన్న కేసెట్ ఏమన్నా ఉన్నదా అని అడిగాను.

"ఊరందరివి దాచిండు" అన్నది. "ఆయనది ఎవరు దాస్తరు?"

టేపును ఆమె మంచం ముందర పెట్టాను. కేసెట్ వేశాను. నొక్కే బటన్ ఏదో చూపించాను. చిన్న మాటే వదినా, మళ్ళ మళ్ళ తిప్పుకోవచ్చు అని చెప్పాను. ఆమె బటన్ మీద వేలు పెట్టి, నా మొహం చూసింది.

నేను లేచి బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాను.